స్టెప్పులు చూపించినవాళ్ళు: సైన్సు లెక్కల ఉచిత సాఫ్ట్‌వేర్ కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ముందు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ గంట కొట్టే రైలు పట్టా ముక్క గురించీ, వేపచెట్టు కింద క్లాసుల గురించీ నాకన్నా బాగా రాయగలవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. అందుకని పదేళ్ళ పైచిలుకుగా సెలవురోజుల్లో నేను చేస్తున్న ఒక పని గురించీ, ఆ పని వెనకున్న చరిత్ర గురించీ రాస్తున్నాను. చదివాక, ఇది కూడా బడి జ్ఞాపకమేనని మీకే తెలుస్తుంది.

పాత పుస్తకంలో పెన్సిల్ రాత

మన రోజుల్లో పై తరగతివాళ్ళ పుస్తకాలు సగం ధరకు కొనుక్కునేవాళ్ళం. తొమ్మిదో తరగతిలో నేను అలా కొన్న లెక్కల పుస్తకంలో, వెనక జవాబుల పేజీలో ఒకచోట అచ్చుతప్పు ఉంది. దాని పక్కన ఎవరో పెన్సిల్‌తో సరైన జవాబు రాశారు. ఆ కిందే ఇంకో చేతిరాతలో, "చేసి చూశాను, ఇదే కరెక్టు" అని ఉంది. అంటే నాకు ముందు కనీసం ఇద్దరు ఆ లెక్క చేశారు. మొదటివాడు తప్పు పట్టుకున్నాడు, రెండోవాడు దాన్ని సరిచూశాడు.

కానీ ఆ దిద్దుబాటు నా పుస్తకంలోనే ఉండిపోయింది. పక్క బెంచీవాడు కొత్త పుస్తకం కొన్నాడు. వాడికి ఆ తప్పు జవాబే వచ్చింది, సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. ఆ పెన్సిల్ రాత వెంటనే రాష్ట్రంలోని అన్ని పుస్తకాల్లోకీ ఎక్కి ఉంటే ఎంత బాగుండేది! ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే నాకు అర్థమైనంతలో అదే. ప్రోగ్రామును ఎవరైనా విప్పి చూడవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. ఇంకొకరు సరిచూసి ఒప్పుకుంటే ఆ దిద్దుబాటు తర్వాతి కూర్పులో ప్రపంచమంతటికీ చేరుతుంది.

ఫోర్ట్రాన్ రోజులు

సైన్సు లెక్కలను పదిమందీ పంచుకోవడం ఇంటర్నెట్‌తో మొదలైన సంగతి కాదు. 1970లలో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కేంద్రంగా కొందరు గణితవేత్తలు ఐస్‌పాక్, లిన్‌పాక్ అనే రెండు ప్రోగ్రాముల కట్టలు తయారు చేశారు. మాత్రికల లెక్కలన్నీ ఫోర్ట్రాన్ భాషలో, ఎవరు వాడినా ఒకే జవాబు వచ్చేంత జాగ్రత్తగా రాసి, అందరికీ ఇచ్చారు. వాటికి వారసుగా 1992లో లాపాక్ వచ్చింది. ఈనాడు మన పిల్లలు కంప్యూటర్ మీద సమీకరణాలు సాధించమని ఒక్క వరుస రాసినప్పుడు, లోపల చాలాచోట్ల పని చేస్తున్నది ఈ లాపాకే.

లిన్‌పాక్ రచయితల్లో ఒకరు క్లీవ్ మోలర్. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, తన విద్యార్థులు ఫోర్ట్రాన్ నేర్చుకోకుండానే ఈ ప్రోగ్రాములు వాడుకోవాలని 1970ల చివర్లో మ్యాట్‌ల్యాబ్ రాశారు. 1984లో దాని మీద ఒక కంపెనీ ఏర్పడింది. మ్యాట్‌ల్యాబ్ చాలా మంచి సరుకు, ఇంజనీరింగ్ చదివిన మనవాళ్ళు చాలామంది దానితోనే పని నేర్చుకున్నారు. అయితే ఇప్పుడది లైసెన్స్ కొనుక్కుని వాడే సరుకు. లోపలి ముఖ్యమైన కోడ్‌ను మనం మార్చి అందరికీ పంచలేం.

ఆక్లండ్‌లో ఇద్దరు మాస్టార్లు

ఇలాంటి కథే గణాంకశాస్త్రంలోనూ జరిగింది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన సహచరులు ఎస్ అనే భాష మొదలుపెట్టారు. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులకు తమ కంప్యూటర్ ల్యాబులో విద్యార్థులకు పాఠం చెప్పడానికి అలాంటిదే ఒకటి కావలసి వచ్చింది. తామే రాసుకున్నారు. ఇద్దరి పేర్లలోనూ మొదటి అక్షరం ఒకటే కాబట్టీ, ఎస్ అనే పేరును కాస్త ఆటపట్టించినట్టూ ఉంటుందనీ, దానికి ఆర్ అని పేరు పెట్టారు.

ఆర్‌ను తమ దగ్గరే ఉంచుకోవాలా, అమ్మాలా అన్న ఆలోచన వాళ్ళకూ వచ్చే ఉంటుంది. జూరిక్‌లోని మార్టిన్ మేహ్‌లర్ దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేయమని వాళ్ళను ఒప్పించారు. 1995 జూన్‌లో అలాగే చేశారు. వాడుకున్నవాళ్ళ దిద్దుబాట్లు వచ్చిపడటం మొదలైంది. ఇద్దరి వల్ల కాక, 1997లో ఒక బృందాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 2000 ఫిబ్రవరి 29న ఆర్ 1.0 వచ్చింది. క్లాసు పాఠం కోసం ఇద్దరు మాస్టార్లు మొదలుపెట్టిన పని ఇవాళ మందుల పరీక్షలకూ, పంటల అంచనాలకూ ఆధారమైంది.

రెండుగా చీలిన ఇల్లు

పైథాన్ భాష కథలో గొడవలు కాస్త ఎక్కువ. పైథాన్‌ను 1991లో విడుదల చేసిన గీడో వాన్ రోసమ్ దాన్ని సైన్సు లెక్కల కోసం రాయలేదు. 1995లో ఎంఐటీ విద్యార్థి జిమ్ హ్యూగనిన్, ఇంకొందరితో చర్చించి, పెద్దపెద్ద అంకెల పట్టికలను వేగంగా లెక్కించే న్యూమెరిక్ అనే ప్యాకేజీ రాశాడు. వాన్ రోసమ్ కూడా ఆ చర్చల్లో కూర్చుని, వాళ్ళ అవసరం కోసం భాషలోనే కొన్ని మార్పులు చేశారు.

కొన్నేళ్ళకు చిక్కు వచ్చింది. బాల్టిమోర్‌లో హబుల్ టెలిస్కోపు వ్యవహారాలు చూసే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వారికి ఆకాశం ఫొటోలు మరీ పెద్దవి. న్యూమెరిక్ వాటికి చాలలేదు. వాళ్ళు నమ్‌అరే అని వేరే ప్యాకేజీ కట్టుకున్నారు. అది పెద్ద పట్టికలకు బాగుండేది, చిన్న పట్టికలకు నెమ్మది. ఇటు న్యూమెరిక్ చిన్నవాటికి చురుకు. దాంతో ఇల్లు రెండుగా చీలింది. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాము రెండోదానితో సరిగా పొసగదు. కొత్తగా వచ్చినవాడు ఏ గడప తొక్కాలో తెలియని పరిస్థితి.

ఈ రెండిళ్ళనూ కలపడానికి పూనుకున్నది ట్రావిస్ ఓలిఫంట్. మేయో క్లినిక్‌లో వైద్య చిత్రాల మీద పరిశోధన చేసి, అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన మనిషి. అప్పటికే 2001లో ఎరిక్ జోన్స్, పెయారు పీటర్సన్‌లతో కలిసి సైపై అనే ప్యాకేజీ తెచ్చి ఉన్నారు. 2005లో ఆయన తన పని కొంత పక్కనపెట్టి, రెండు ప్యాకేజీల్లోని మంచినీ ఒకచోట చేర్చడానికి కూర్చున్నారు. 2006 అక్టోబరులో నంపై 1.0 విడుదలైంది. పాత వాళ్ళిద్దరూ క్రమంగా కొత్త ఇంట్లోకి మారారు.

అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళు మనం చాలా చూశాం. మళ్ళీ కలిసిన ఇళ్ళు తక్కువ. అందుకే ఈ ఘట్టం నాకు ఇష్టం.

జవాబు రాని ప్యాచ్

కోడ్ పంపినవాడికి అవతల నుంచి జవాబు రాకపోతే ఏమవుతుంది? చాలామంది విసుగెత్తి వదిలేస్తారు. జాన్ హంటర్ వదల్లేదు.

హంటర్ షికాగోలో మెదడు మీద పరిశోధన చేసేవాడు. మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను గ్రాఫులుగా చూడటం ఆయన పని. అదే సమయంలో కొలంబియా దేశం నుంచి వచ్చి కొలరాడోలో భౌతికశాస్త్రం పరిశోధిస్తున్న ఫెర్నాండో పెరెజ్, 2001లో ఐపైథాన్ అనే చిన్న ఉపకరణం తయారు చేశాడు. హంటర్ 2002లో దానికి గ్రాఫులు గీసే సదుపాయం చేర్చుతూ ఒక ప్యాచ్, అంటే చేర్పుల కోడ్, పంపాడు. పెరెజ్ థీసిస్ ముగింపులో తలమునకలై ఉన్నాడు. ఇంకొన్ని నెలల వరకూ చూడలేనని చెప్పాడు. సరే, నేనే వేరుగా చేసుకుంటానని హంటర్ మొదలుపెట్టిందే మ్యాట్‌ప్లాట్‌లిబ్. 2003లో తొలి విడుదల. హబుల్ సంస్థ దానికి ఊతమిచ్చింది. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మీద దిగినప్పుడు, వచ్చే సమాచారాన్ని గ్రాఫులుగా చూడటానికి దాన్ని వాడారు.

పెరెజ్, హంటర్ ఆప్తమిత్రులయ్యారు. 2012 జులైలో ఒక సదస్సులో ప్రధానోపన్యాసం ఇచ్చి ఇంటికి వెళ్ళిన హంటర్‌కు కేన్సర్ అని తేలింది. ఆగస్టు 28న, 44 ఏళ్ళకే కన్నుమూశాడు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మాత్రం ఆగలేదు. కోడ్ అందరి దగ్గరా ఉంది, దాన్ని అర్థం చేసుకున్నవాళ్ళు నాలుగు దేశాల్లో ఉన్నారు. మరుసటి కూర్పు వచ్చింది, ఆ తర్వాతిదీ వచ్చింది. పెరెజ్ ఐపైథాన్ 2014లో జూపిటర్‌గా ఎదిగింది. మన మనవలూ మనవరాళ్ళూ ఇవాళ కాలేజీలో తెరిచే నోట్‌బుక్ అదే.

ఈ కాలంలోనే, 2008లో, వెస్ మెకిన్నీ అనే యువకుడు అమెరికాలో ఒక పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ, వరుసలూ నిలువులూ ఉన్న పట్టికలను సులభంగా సరిచేసుకునే పాండాస్ మొదలుపెట్టాడు. యజమానులను ఒప్పించి 2009లో దాన్ని అందరికీ విడుదల చేయించాడు. ఎలుగుబంటికీ దానికీ సంబంధం లేదు. ప్యానెల్ డేటా అనే గణాంక పదం నుంచి పుట్టిన పేరది.

లెక్కకు రాని శ్రమ

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో ఎదగాలంటే పరిశోధన పత్రాలు కావాలి. రాత్రిళ్ళు మేల్కొని రాసిన కోడ్‌ను పత్రంగా ఎవరూ లెక్కపెట్టరు. ఓలిఫంట్ నంపై మీద పెట్టిన కాలానికి కొంతైనా ప్రతిఫలం రావాలని దాని మార్గదర్శి పుస్తకాన్ని కొంతకాలం అమ్మి, ఆ తర్వాత దాన్నీ ఉచితం చేశారు. 2007లో విశ్వవిద్యాలయం వదిలి ఒక కంపెనీలో చేరారు.

2015 సెప్టెంబరు 14న లైగో పరికరాలకు గురుత్వ తరంగాలు తొలిసారి చిక్కాయి. 2016 ఫిబ్రవరి 11న ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. 2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం ఫొటో విడుదలైంది. రెండింటి లెక్కల్లోనూ నంపై ఉంది. అయినా నంపై అభివృద్ధికంటూ నేరుగా తొలి ఆర్థిక సహాయం వచ్చింది 2017లో. మూర్ ఫౌండేషన్ సుమారు 6 లక్షల 45 వేల డాలర్లు ఇచ్చింది. అంటే 1.0 విడుదలైన పదేళ్ళ దాకా ప్రపంచ శాస్త్రవేత్తలంతా వాడుకున్న వస్తువు, కొందరి సెలవురోజుల మీదా, రాత్రుల మీదా నడిచింది. 2020 సెప్టెంబరులో నేచర్ పత్రికలో నంపై గురించి 26 మంది రచయితలతో వ్యాసం వచ్చింది. ఆ పట్టికలో న్యూమెరిక్ నాటివాళ్ళ తర్వాతి తరాలూ కనిపిస్తాయి, చిట్టచివరి పేరు ఓలిఫంట్‌ది.

ఊరికి నీళ్ళ ట్యాంకు కట్టినవాడి పేరు రాయి మీద చెక్కుతాం. రోజూ వాల్వు తిప్పేవాడి పేరు ఎవరికీ తెలియదు. అతను ఒకరోజు రాకపోతేనే తెలుస్తుంది.

మనవాళ్ళ పాలు

ఈ కథలో మనవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మూడు కొలతల సమాచారాన్ని తెర మీద చూపించే ప్యాకేజీ ఒకటుంది. దాన్ని మొదలుపెట్టింది మద్రాసు ఐఐటీలో చదువుకుని, తర్వాత బొంబాయి ఐఐటీలో ప్రొఫెసరైన ప్రభు రామచంద్రన్. దానికి ఆయన పెట్టిన పేరు మాయావి. మన చందమామ తరానికి ఆ పేరు అర్థం చెప్పక్కర్లేదు. సైన్సులో పైథాన్ వాడేవాళ్ళ భారతీయ సదస్సు 2009లో తిరువనంతపురంలోనూ, 2010 డిసెంబరులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ జరిగింది. బొంబాయి ఐఐటీలోని ఫాసీ ప్రాజెక్టు కాలేజీల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వ సహాయంతో పెంచుతోంది. అక్కడే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ దొరుకుతాయి.

ఇంకొక పేరు చెప్పి తీరాలి. ఆర్ భాషలో రెండు గణాంక నమూనాలను పోల్చే ఒక ఆదేశం ఉంది. ఏ పద్ధతిలో పోల్చాలో చెప్పడానికి ఇచ్చే మాటల్లో ఒకటి "రావ్". ఆయన మన సి.ఆర్. రావు గారే. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తి చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1948లో ఆయన చెప్పిన స్కోర్ పరీక్ష అది. ఆయన 2023 ఆగస్టులో, నూట మూడో ఏడు నిండబోతూ వెళ్ళిపోయారు. ఆయన సూత్రాన్ని కోడ్‌గా మార్చి ఎవరో ఆర్‌లో చేర్చారు కాబట్టి, ఏ దేశపు విద్యార్థి అయినా ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే చాలు, ఆయన తన పని చేసిపెడతారు.

నేను పంపిన పదకొండు వరుసలు

ఇక నా సంగతి. ఇంత పెద్దవాళ్ళ మధ్య చెప్పుకోదగ్గది కాదు గానీ, సంపాదకులు అడిగారు.

నా ఉద్యోగం బావుల్లో నీటిమట్టాల లెక్కలు చూడటం. ఒక ఏడాది పాత రిజిస్టర్ల అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇలాంటి ఒక ఉచిత ప్యాకేజీతో గ్రాఫు గీశాను. అందంగా వచ్చింది. వేసవిలోనూ నీళ్ళు మరీ లోతుకు పోవడం లేదని తేలింది. ఆ లెక్క ప్రకారం ఆ ఊళ్ళకు ట్యాంకర్లు అక్కర్లేదు. పైకి పంపేముందు, ఆ బావుల దగ్గరకు వెళ్ళి రీడింగులు తీసే ఉద్యోగికి చూపించాను. అతను ఒక్కచోట వేలు పెట్టి, "మార్చిలో ఈ బావిలో బొక్కెన నేలకు తగులుద్ది సార్, ఇన్ని నీళ్ళెక్కడివి?" అన్నాడు.

రాత్రంతా వెతికితే దొరికింది. మనం 03-09 అని రాస్తే సెప్టెంబరు 3. ప్యాకేజీ దాన్ని మార్చి 9 అని చదివింది. 13-09 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి సరిగ్గానే చదివింది. అంటే ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల రీడింగులు తారుమారు, మిగతావి సరైనవి. వానాకాలం నీళ్ళు కొన్ని వేసవిలోకి వచ్చి కూర్చున్నాయి. రోజు ముందు వస్తుందని చెప్పే సదుపాయం అందులో ఉంది, నేను వాడలేదు. కానీ దాని అవసరాన్ని చెప్పే వివరణ చాలీచాలకుండా ఉంది.

నా గ్రాఫు దిద్దుకుని ఊరుకోవచ్చు. అప్పుడే ఆ పెన్సిల్ రాత గుర్తొచ్చింది. 48 ఏళ్ళ వయసులో, మా అమ్మాయి సాయంతో, ఆ వివరణకు ఒక ఉదాహరణ చేర్చి పంపాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రాసినవాడు నా వయసులో సగం ఉంటాడు. "ఉదాహరణ బాగుంది. ఇది నిజంగా ఇలాగే జరుగుతుందని చూపే టెస్ట్ ఏదీ? సంబంధం లేని రెండు వరుసలు కూడా మార్చారు, అవి తీసేయండి" అన్నాడు.

నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, సాక్ష్యం అడుగుతాడా అనుకున్నాను. రెండు రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు. మూడో రోజు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఆయన కాగితం మీద ఎర్ర సిరాతో రాసే మాట మీ అందరికీ తెలుసు: "జవాబు సరే, స్టెప్పులేవిరా?" జవాబుకు ఒక మార్కు, స్టెప్పులకు నాలుగు. అవతలివాడు అడిగింది అదే. నా మీద నమ్మకం లేక కాదు. రేపు ఇంకొకడు వచ్చి కోడ్ మారిస్తే, ఈ లెక్క మళ్ళీ తప్పకుండా కాపలా ఉండేది ఆ టెస్టే. హంటర్ పోయినా మ్యాట్‌ప్లాట్‌లిబ్ నిలిచింది ఇలాంటి స్టెప్పుల మీదే.

నాలుగుసార్లు తిప్పి పంపి, మూడు వారాలకు ఒప్పుకున్నారు. మొత్తం పదకొండు వరుసలు. నాకు డబ్బు రాలేదు, ప్రమోషన్ రాలేదు. తర్వాతి విడుదలలో సహకరించినవాళ్ళ పట్టికలో ఒకచోట నా పేరు వచ్చింది. దాన్ని ప్రింటు తీసి మాస్టారికి చూపిద్దామనుకున్నాను. అప్పటికే ఆయన లేరు. వేలు పెట్టి తప్పు చూపిన ఆ ఉద్యోగికి చూపించాను. అతని పేరు ఆ పట్టికలో ఎక్కించే దారి నాకు అప్పట్లో తెలియలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

మన బడికి

మన సంఘం బడికి కంప్యూటర్ గది కట్టించింది. సంతోషం. అందులో మన పిల్లలు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, ఆక్లండ్‌లో ఇద్దరు మాస్టార్లూ, షికాగోలో ఒక మెదడు పరిశోధకుడూ, పేరు తెలియని వేలమందీ తమ సాయంత్రాలు ఇచ్చి కట్టారనీ వాళ్ళకు చెప్పాలి. చెప్పి ఊరుకుంటే చాలదు. వివరణలో ఒక తప్పు అక్షరం దిద్దినా అది సహకారమే. తెలుగులో ఒక పేజీ రాసినా సహకారమే. కోడ్ రాయడం తర్వాతి మెట్టు. మన బ్యాచుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నెలకు ఒక్క శనివారం తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చుని ఒక చిన్న దిద్దుబాటు పంపించగలిగితే, పై సంవత్సరం వార్షికోత్సవంలో ఆ పేర్లు చదువుకుందాం.

టీచర్లకు ఒక విన్నపం. పిల్లలు సరైన జవాబు తెచ్చినా, స్టెప్పులు అడగడం మానకండి. ఎక్కడో, ఎప్పుడో, ఒక ఊరికి ట్యాంకరు వెళ్ళాలా వద్దా అన్నది ఆ స్టెప్పుల మీదే తేలుతుంది.

— 1981 పదో తరగతి బ్యాచి విద్యార్థి